శిశువుల్లో ఆహార అలర్జీ పరీక్ష

ఆహారంలోని ఒక ప్రొటీన్‌ను శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి, అది లోపలికి వెళ్లినప్పుడల్లా తిరగబడటమే ఆహార అలర్జీ. రెండేళ్లలోపు బిడ్డల్లో అది ఉందో లేదో చూడటానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది చర్మం మీద చేసే స్కిన్ ప్రిక్ టెస్టు. రెండోది రక్తంలో ఐజీఈ అనే ప్రతిదేహాన్ని కొలిచే పరీక్ష. మూడోది ఆస్పత్రిలో, వైద్యుల కళ్లెదుట, అనుమానమున్న ఆహారాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి చూడటం. మొదటి రెండూ సులువుగా అయిపోతాయి, కానీ వాటంతట అవి అలర్జీని నిర్ధారించలేవు. మూడోది నిర్ధారిస్తుంది, అయితే దానికి సగం రోజు, అనుభవమున్న సిబ్బంది, పక్కనే సిద్ధంగా అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉండాలి. బిడ్డకు పరీక్ష చేయించాలా వద్దా అన్న చర్చ అంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

శిశువుల్లో అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి ఆవుపాలు, గుడ్డు, వేరుశనగ. వాటి తర్వాత జీడిపప్పు వంటి గింజలు, గోధుమ, సోయా, నువ్వులు, చేపలు, రొయ్యలు. ఎంతమందికి ఉంటుందన్నది దేశాన్నిబట్టి చాలా మారుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఏడాది వయసు పిల్లల మీద జరిపిన హెల్త్‌నట్స్ అధ్యయనం 2011లో వెలువడింది. తినిపించి చూసి నిర్ధారించిన ఆ అధ్యయనంలో పిల్లల్లో 10 శాతానికి పైగా ఏదో ఒక ఆహార అలర్జీ ఉన్నట్టు తేలింది. పచ్చిగుడ్డుకు 8.9 శాతం, వేరుశనగకు 3 శాతం. మన దేశంలో ఈ సంఖ్యలు బాగా తక్కువ. కాబట్టి పడమటి దేశాల పిల్లల కోసం రాసిన సలహాను మన ఊళ్లో యథాతథంగా అమలు చేసే ముందు కొంచెం ఆగాలి.

పరీక్షలు ఎలా వచ్చాయి

చర్మ పరీక్షకు మూలపురుషుడు మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. 19వ శతాబ్దం రెండో సగంలో, తనను ఏటా పీడించే తుమ్ముల జబ్బుకు కారణం వెతుకుతూ, తన చర్మాన్నే గీరి అక్కడ పుప్పొడి రుద్దుకుని చూశాడు. ఆహారం విషయంలో అసలు మలుపు 1921లో వచ్చింది. జర్మన్ వైద్యుడు హైన్జ్ క్యూస్ట్నర్‌కు చేప తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. ఆయన సహచరుడు కార్ల్ ప్రాస్నిట్జ్‌కు ఏమీ అయ్యేది కాదు. క్యూస్ట్నర్ రక్తం నుంచి తీసిన సీరాన్ని ప్రాస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకున్నాడు. అక్కడ దద్దు లేచింది. అంటే అలర్జీని మోసే పదార్థమేదో రక్తంలో ఉందన్నమాట. అదేమిటో తెలియడానికి మరో నలభై ఏళ్లు పైగా పట్టింది. అమెరికాలోని డెన్వర్‌లో పనిచేసిన జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకా ఒకవైపు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ మరోవైపు దాన్ని విడివిడిగా కనుక్కున్నారు. 1968లో దానికి ఐజీఈ అన్న పేరు ఖాయమైంది. రక్త పరీక్ష ఆ వెంటనే పుట్టుకొచ్చింది.

తినిపించి చూసే పరీక్షకు శాస్త్రీయమైన రూపం ఇచ్చినవాడు చార్లెస్ మే. 1976లో ఆయన డెన్వర్‌లో ఉబ్బసం ఉన్న పిల్లలకు అనుమానమున్న ఆహారాన్నీ, దానిలా కనిపించే ఉత్తుత్తి పదార్థాన్నీ ఇచ్చి చూశాడు. ఏది ఏదో బిడ్డకూ తెలియదు, చూసే వైద్యుడికీ తెలియదు. ఈనాటికీ మిగతా పరీక్షల విలువను దీనితో పోల్చే లెక్కగడతారు.

పాజిటివ్ అంటే అలర్జీ కాదు

స్కిన్ ప్రిక్ టెస్టులో బిడ్డ వీపు మీదో ముంజేతి మీదో ఆహార సారం ఒక చుక్క వేసి, సన్నని మొనతో పైపొరను గుచ్చుతారు. పోలిక కోసం పక్కనే దద్దు లేపని ఒక ఉప్పునీటి చుక్క, దద్దు లేపే ఒక హిస్టమిన్ చుక్క ఉంటాయి. పావుగంట, ఇరవై నిమిషాల తర్వాత లేచిన దద్దును కొలుస్తారు. ఉప్పునీటి చుక్క దగ్గరకంటే 3 మి.మీ. లేదా అంతకుమించి లేస్తే పాజిటివ్ అంటారు. నెలల పిల్లలకూ చేయవచ్చు, కాకపోతే వారిలో దద్దు చిన్నగా లేస్తుంది. సిట్రజిన్ లాంటి దురద మందులు వారం ముందే ఆపకపోతే హిస్టమిన్ దగ్గర కూడా ఏమీ లేవదు, పరీక్ష వృథా అవుతుంది. రక్త పరీక్షకు ఈ చిక్కు లేదు. అందులో లీటరుకు 0.35 కిలోయూనిట్లు దాటితే పాజిటివ్‌గా లెక్కించడం పాతకాలం నుంచి వస్తున్న అలవాటు.

ఈ రెండు పరీక్షలూ చూసేది ఆ ఆహారానికి వ్యతిరేకంగా శరీరం ఐజీఈ తయారుచేసిందా అన్నదే. తయారుచేసినంత మాత్రాన తిన్నప్పుడు ఏదో జరిగి తీరాలని లేదు. దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు, పక్క రాష్ట్రమైన కర్ణాటకే పెద్ద ఉదాహరణ. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద జరిపి 2016లో ప్రచురించిన యూరోప్రివాల్ అధ్యయనంలో ఏదో ఒక ఆహారానికి రక్త పరీక్ష పాజిటివ్ వచ్చినవారు 26.5 శాతం. తిన్నాక లక్షణాలు కూడా ఉండి, అలర్జీ ఉండే అవకాశం బలంగా కనిపించినవారు 1.2 శాతం. పాజిటివ్ వచ్చిన మిగతావారిలో ఎక్కువమంది ఆ ఆహారాన్ని హాయిగా తింటూ ఉన్నవారే. అదే బృందం దేశదేశాల బడిపిల్లలను పోల్చిచూసినప్పుడు భారతదేశంలో అలా బలమైన అవకాశం కనిపించినవారి అంకె 0.14 శాతం దగ్గర ఆగింది.

ఏ లక్షణమూ లేని బిడ్డకు పరీక్ష ఎందుకు వద్దంటారో ఒక ఊహాలెక్కతో తెలుస్తుంది. 1000 మంది ఆరోగ్యంగా ఉన్న శిశువులకు గుడ్డు పరీక్ష చేశామనుకుందాం. వారిలో నిజంగా అలర్జీ ఉన్నవారు 10 మంది, పరీక్ష వారిలో 9 మందిని పట్టుకుంది. అలర్జీ లేని 990 మందిలో ఐదో వంతుకు ఊరికే పాజిటివ్ చూపించింది. అంటే 198 మంది. మొత్తం 207 పాజిటివ్‌లలో నిజమైనవి 9. ఇప్పుడు అదే పరీక్షను, గుడ్డు తిన్న గంటలోపు దద్దుర్లు లేచిన 100 మంది పిల్లలకు చేద్దాం. వారిలో సగం మందికి నిజంగా అలర్జీ ఉందనుకుంటే 55 పాజిటివ్‌లు వస్తాయి, వాటిలో 45 నిజం. రెండుసార్లూ పరీక్ష ఒక్కటే. తేడా అంతా అంతకుముందు ఆ బిడ్డకు ఏం జరిగిందన్న కథలోనే ఉంది.

దద్దు ఎంత పెద్దదైతే, రక్తంలో అంకె ఎంత ఎక్కువైతే అలర్జీ అవకాశం అంత పెరుగుతుంది. మెల్‌బోర్న్ ఏడాది పిల్లల్లో వేరుశనగకు 8 మి.మీ., గుడ్డుకు 4 మి.మీ. దద్దు లేస్తే నూటికి 95 మందికి అలర్జీ ఉన్నట్టే తేలింది. ఈ అంకెలు జనాన్నిబట్టి, వయసునుబట్టి మారతాయి. అక్కడివి ఇక్కడి పిల్లలకు సరిపోతాయని ముందుగా అనుకోకూడదు. ఇంకో సంగతి: అంకె పెద్దదైతే ప్రతిచర్య తీవ్రంగా వస్తుందని కాదు. చిన్న అంకె ఉన్న బిడ్డకు ప్రాణాపాయం రావచ్చు, పెద్ద అంకె ఉన్న బిడ్డకు మూతి చుట్టూ రెండు దద్దులతో పోవచ్చు.

ఎవరికి చేయించాలి

తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు లేవడం, పెదవులూ కళ్లూ ఉబ్బడం, పదేపదే వాంతులు, దగ్గు, పిల్లికూతలు, బిడ్డ ఒక్కసారిగా పాలిపోయి వాలిపోవడం: వీటిలో ఏది జరిగినా ఆ ఒక్క ఆహారానికి పరీక్ష అవసరం. పిల్లల వైద్యుడో అలర్జీ నిపుణుడో మొదట అడిగేవి ఇవే. ఏం తిన్నాడు? ఎంత? ఎంతసేపటికి ఏం జరిగింది? అంతకుముందు అదే తిన్నప్పుడు ఏమైంది? ఆ రోజు జ్వరం ఉందా? జలుబు, జ్వరాలతో కూడా శిశువులకు దద్దుర్లు లేస్తాయి, ఆ రోజు పెట్టిన గుడ్డు మీద నింద పడుతుంది. కాబట్టి దద్దుర్లు లేచినప్పుడు ఫోన్లో ఫొటో తీసి, పక్కన టైము రాసి ఉంచితే అది సగం పరీక్షతో సమానం.

అలా కాకుండా టమాటా రసం తగిలి మూతి ఎర్రబడటం, గ్యాసు, రాత్రుళ్లు ఏడుపు, బరువు సరిగా పెరగకపోవడం మాత్రమే ఉంటే ఐజీఈ పరీక్ష వల్ల ఒరిగేదేమీ ఉండదు. విరేచనాల తర్వాత కొన్ని వారాలు పాలు అరక్కపోవడం చాలా ఇళ్లలో అలర్జీగా చలామణి అవుతుంది. అది పాలలోని చక్కెరను అరిగించలేకపోవడం. రక్షణ వ్యవస్థకు దానితో సంబంధం లేదు.

ఐజీఈ లేకుండానే వచ్చే అలర్జీలు కొన్ని ఉన్నాయి, పరీక్షలు వాటిని చూడలేవు. తల్లిపాలు తాగుతూ ఆరోగ్యంగా ఎదుగుతున్న రెండు మూడు నెలల బిడ్డ విరేచనంలో సన్నని రక్తపు చారలు కనిపించడం ఒకటి. తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు మాని, తగ్గాక మళ్లీ మొదలుపెట్టి చూడటమే దాని పరీక్ష. మళ్లీ మొదలుపెట్టడం చాలామంది మరిచిపోతారు. తల్లి నెలల తరబడి మజ్జిగ చుక్క లేకుండా గడిపేస్తుంది. రెండోది ఎఫ్‌పీఐఈఎస్ అనే జబ్బు: తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత ఆగకుండా వాంతులు, బిడ్డ వాడిపోవడం. దద్దుర్లు ఉండవు, దగ్గు ఉండదు. అన్నం చాలా సురక్షితమని మనం నమ్ముతాం కానీ, ఆస్ట్రేలియాలో ఈ జబ్బుకు ఎక్కువగా కారణమైన ఆహారం బియ్యమే. ఇందులో చర్మ పరీక్షా రక్త పరీక్షా సాధారణంగా నెగటివ్ వస్తాయి. వాటిని చూసి 'ఏమీ లేదు, పెట్టండి' అని చెబితే బిడ్డ మళ్లీ ఎమర్జెన్సీకి చేరవచ్చు.

గజ్జి లాంటి పొడి చర్మం ఉన్న బిడ్డలు

వాదం అంతా వీరి చుట్టూనే. ఎగ్జిమా అనే ఈ చర్మ జబ్బు తీవ్రంగా ఉన్న శిశువులకు ఆహార అలర్జీ వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. పగిలిన చర్మం గుండా ప్రొటీన్ లోపలికి పోతే అలర్జీ పుడుతుందనీ, నోటి గుండా పోతే సహనం అలవడుతుందనీ లండన్‌కు చెందిన గిడియన్ లాక్ ప్రతిపాదించారు. వేరుశనగ నూనె కలిసిన క్రీములు పూసిన పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఎక్కువగా కనిపించడం ఆ ఆలోచనకు ఒక ఆధారం. మన దగ్గర పసిబిడ్డకు నువ్వుల నూనెతో మర్దనా, సున్నిపిండితో నలుగూ ఇంటింటి అలవాటు. అవి అలర్జీ తెస్తాయని ఇక్కడ నిరూపణ కాలేదు. అయినా చర్మం ఎర్రగా పగిలి రసి కారుతున్న బిడ్డ ఒంటి మీద పెసరపిండి రుద్దడం మానేయడమే మేలు, అలర్జీ మాట పక్కనపెట్టినా ఆ చర్మానికి రాపిడి మంచిది కాదు.

2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, అలర్జీ ముప్పు ఉన్న శిశువులకు ఏడాది దాకా ఆవుపాలు, రెండేళ్ల దాకా గుడ్డు, మూడేళ్ల దాకా వేరుశనగ, చేపలు వద్దని సలహా ఇచ్చింది. దానికి గట్టి ఆధారం లేదని 2008లో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది లాక్ బృందం ఒక పోలిక ప్రచురించింది: బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. ఇజ్రాయెల్‌లో బిడ్డలు ఏడాదిలోపే బాంబా అనే వేరుశనగ చిరుతిండి చప్పరిస్తూ పెరుగుతారు. ఆ తర్వాత ఎగ్జిమా తీవ్రంగా ఉన్న, లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది నాలుగు నుంచి పదకొండు నెలల శిశువులను రెండుగా విడదీశారు. సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి ఐదేళ్ల దాకా పెట్టలేదు. లీప్ అనే ఈ అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. వాటి ప్రకారం, మొదట్లో చర్మ పరీక్ష నెగటివ్‌గా ఉన్నవారిలో మానేసిన పిల్లలకు 13.7 శాతం, తిన్న పిల్లలకు 1.9 శాతం అలర్జీ వచ్చింది. చిన్న దద్దు లేచిన పిల్లల్లోనూ తేడా పెద్దదే: 35.3 శాతం, 10.6 శాతం. అంటే పాజిటివ్ వచ్చిన పిల్లల్లోనూ మానేసినవారే ఎక్కువగా నష్టపోయారు. ఆ రక్షణ కౌమారం దాకా నిలిచిందని 2024లో తేలింది.

దీని ఆధారంగా 2017లో అమెరికా మార్గదర్శకాలు వచ్చాయి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా గుడ్డు అలర్జీ ఉన్నా, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య వేరుశనగ పెట్టే ముందు పరీక్ష చేయడం గురించి గట్టిగా ఆలోచించమన్నాయి. రక్తంలో 0.35 కంటే తక్కువ ఉంటే ఇంట్లోనే పెట్టవచ్చు. దద్దు 2 మి.మీ. లోపు ఉన్నా అంతే. 3 నుంచి 7 మి.మీ. ఉంటే వైద్యుల ఎదుట తినిపించాలి. 8 మి.మీ. లేదా అంతకుమించి ఉంటే అలర్జీ ఉండవచ్చు, నిపుణుడి దగ్గరికి పంపాలి. ఎగ్జిమా ఓ మాదిరిగా ఉన్నవారికి, అసలు లేనివారికి పరీక్ష అక్కర్లేదు.

కాగితం మీద ఇది బాగానే ఉంది. ఆచరణలో నిపుణుడి అపాయింట్‌మెంట్ కోసం నెలలు గడిచి, తినిపించాల్సిన కాలం జారిపోసాగింది. వేరుశనగకు పరీక్ష అడిగితే లాబు గుడ్డు, పాలు, గోధుమ కూడా కలిపి ఇచ్చి, బిడ్డ అప్పటికే తింటున్నవాటిని మాన్పించిన సందర్భాలూ వచ్చాయి. ఆస్ట్రేలియా మొదటినుంచీ ముందస్తు పరీక్షలను సిఫార్సు చేయలేదు. 2021లో అమెరికా, కెనడా అలర్జీ సంఘాలు కలిసి, వేరుశనగ, గుడ్డు మొదలుపెట్టడానికి ముందు పరీక్ష తప్పనిసరి కాదని, తల్లిదండ్రులు బాగా జంకుతుంటే మాట్లాడి నిర్ణయించుకోవచ్చని చెప్పాయి. అన్నకో అక్కకో అలర్జీ ఉందని చెల్లికి పరీక్ష చేయనక్కర్లేదన్నదీ అందులోదే. త్వరగా పెట్టడమూ సర్వరోగ నివారిణి కాదు. మెల్‌బోర్న్‌లో ఏడాదిలోపు వేరుశనగ రుచి చూసిన పిల్లల వాటా 28 శాతం నుంచి 85 శాతం దాటినా, అలర్జీ 3.1 నుంచి 2.6 శాతానికే తగ్గింది.

తెలుగు ఇళ్లలో

ఆరో నెల అన్నప్రాశనతో మొదలయ్యే మన పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వయసుతో సరిగ్గా కలుస్తుంది. చిక్కు ఆ తర్వాతి నెలల్లో వస్తుంది. పప్పన్నం, నెయ్యి దగ్గరే ఆగి, గుడ్డు 'వేడి' అని, పల్లీ 'పైత్యం' అని ఏడాది దాటేదాకా ముట్టనివ్వరు. అమెరికాలో పిల్లల వైద్యుడు నాలుగో నెలలోనే వేరుశనగ మాట ఎత్తితే, విజయవాడ నుంచి వెళ్లిన అమ్మమ్మ వింతగా చూస్తుంది. ఎగ్జిమా లేని బిడ్డకు అన్నప్రాశన దాకా ఆగినా నష్టం లేదు, ఆరో నెల తర్వాత మాత్రం ఇంకా వాయిదా వేయకూడదు. బాగా ఉడికించిన గుడ్డు కొద్దిగా, మెత్తగా నూరి గంజిలోనో అన్నంలోనో పలచగా కలిపిన వేరుశనగ కొద్దిగా, పగటిపూట, బిడ్డ హుషారుగా ఉన్న రోజున పెట్టి రెండు గంటలు గమనిస్తే చాలు. గింజలు గింజలుగా మాత్రం పెట్టకూడదు; గొంతుకు అడ్డుపడే ప్రమాదం అలర్జీ ప్రమాదం కంటే పెద్దది.

హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో లాబులు ఒక్క రక్తపు చుక్కతో పదుల ఆహారాలకు 'అలర్జీ ప్యానెల్' చేస్తామంటాయి. పైన చెప్పిన కర్ణాటక అంకెలు గుర్తుంటే, ఆ నివేదికలో కొన్ని పాజిటివ్‌లు ఎలాగూ వస్తాయని ఊహించవచ్చు. శిశువుకు ఇలాంటి ప్యానెల్ చేయించకూడదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఐజీజీ లేదా ఐజీజీ4 కొలిచే పరీక్షలు ఇంకా అన్యాయం. ఆ ప్రతిదేహాలు ఒక ఆహారాన్ని తింటున్నామనడానికి గుర్తే తప్ప అలర్జీకి కాదని యూరప్ అలర్జీ అకాడమీ 2008లోనే స్పష్టం చేసింది. వెంట్రుకలతో చేసే పరీక్షల గురించి రాయడం కూడా దండగ.

అనవసరంగా మాన్పించడానికి మూల్యం ఉంది. డెన్వర్‌లో పరీక్షల వల్ల రకరకాల ఆహారాలు మానేసిన 125 మంది పిల్లలకు, ఎక్కువమంది ఎగ్జిమా ఉన్నవారే, వైద్యుల ఎదుట అవే తినిపించి చూశారు. 84 నుంచి 93 శాతం ఆహారాలు తిరిగి కంచంలోకి వచ్చాయి. ఎగ్జిమా ఉన్న బిడ్డ తట్టుకుంటూ తింటున్న పాలనో గుడ్డునో చాలాకాలం మాన్పిస్తే, మళ్లీ పెట్టినప్పుడు అంతకుముందు లేని తీవ్ర ప్రతిచర్య రావచ్చని కూడా తర్వాతి పరిశీలనల్లో బయటపడింది. టీకాలకు ముందు గుడ్డు పరీక్ష అడిగేవారూ ఉన్నారు. గుడ్డు అలర్జీ ఉన్నా తట్టు టీకా వేయవచ్చు, దానికి పరీక్ష అక్కర్లేదు.

నిర్ధారణ తర్వాత

అలర్జీ నిజమేనని తేలితే ఇంట్లో అందరికీ తెలియాల్సింది అడ్రినలిన్ గురించి. ఊపిరి ఆడకపోయినా, బిడ్డ వాలిపోయినా కిలో బరువుకు 0.01 మి.గ్రా. చొప్పున తొడ కండరంలోకి ఇవ్వాలి. సిరప్‌లూ దురద మాత్రలూ ప్రాణం కాపాడవు. విదేశాల్లో మాదిరిగా నొక్కగానే మందు దిగే పెన్నులు మన దేశంలో సులభంగా దొరకవు. అందుకని దగ్గర్లోని ఏ ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరగలరో ముందే చూసిపెట్టుకోవాలి.

శిశువు వయసులో పెట్టిన ముద్ర శాశ్వతం కాదు. పాలు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి బడి వయసులో క్రమంగా పోతుంది. కేకులో, బిస్కట్‌లో బాగా ఉడికిన గుడ్డును తట్టుకునే బిడ్డలు ముందుగా బయటపడతారు. కాబట్టి ఏడాదికోసారో, నిపుణుడు చెప్పినప్పుడో మళ్లీ పరీక్షించి, అంకె దిగుతుంటే ఆస్పత్రిలో తినిపించి చూస్తారు. వేరుశనగ అలర్జీ మొండిది. ఐదుగురిలో ఒక్కరికే అది పోతుంది.